ఓపెన్ టెన్త్ చెల్లుతుంది, మరి పోస్టాఫీసు కొలువుకు ఎందుకు చెల్లలేదు?

"ఓపెన్‌లో టెన్త్ కడితే చెల్లుతుందా అండీ?" బడి మానేసిన పదేళ్లకో ఇరవయ్యేళ్లకో మళ్లీ పుస్తకం పట్టాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది ఇదే. అడ్మిషన్ల కాలం దగ్గరపడితే ఈ ప్రశ్న ఇంకాస్త ఎక్కువగా వినిపిస్తుంది. జవాబు ఒక్క ముక్కలో చెప్పొచ్చు: చెల్లుతుంది. అయితే ఆ ఒక్క ముక్క విని, ఫీజు కట్టి, పరీక్షలు రాసి పాసై, తీరా దరఖాస్తు పెట్టబోయే రోజున ఆగిపోయినవాళ్లూ ఉన్నారు. వాళ్ల సర్టిఫికెట్ నకిలీది కాదు, బోర్డుకు గుర్తింపు లేకపోవడం వల్లా కాదు. మెమోలో ఏ ఐదు సబ్జెక్టులు ఉన్నాయి, ఏ పేరు ఉంది, ఏ పుట్టిన తేదీ ఉంది అన్న దగ్గర తేడా వచ్చింది. అందుకే ఈ వ్యవహారాన్ని మొదటినుంచీ విడదీసి చూడాలి.

చదవడం రావడం వేరు, టెన్త్ పాసవడం వేరు

వయోజన విద్య అనగానే మనకు రాత్రి బడులు గుర్తుకొస్తాయి. ఆ బడుల శక్తి తక్కువది కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత కార్యక్రమం నడిచినప్పుడు, దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు సారా దుకాణం మీదికి కదిలారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. కానీ ఆ మహిళల్లో ఎవరికైనా ఆ చదువుతో అంగన్‌వాడీ టీచర్ కొలువుకు దరఖాస్తు పెట్టే వీలుందా అంటే లేదు. అక్షరాస్యత కార్యక్రమాలు చదవడం, రాయడం, చిన్న లెక్కలు నేర్పిస్తాయి. ఇప్పుడు నడుస్తున్న ఉల్లాస్ పథకం కూడా ఆ కోవలోదే. చివర్లో ఒక పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇస్తారు. అది టెన్త్ కాదు, టెన్త్‌కు సమానమూ కాదు.

టెన్త్ అంటే గుర్తింపు ఉన్న ఒక బోర్డు పరీక్ష పెట్టి, పాసైనట్టు ఇచ్చే సర్టిఫికెట్. రెగ్యులర్‌గా బడికి వెళ్లి రాసేది ఎస్సెస్సీ బోర్డు పరీక్ష. బడికి వెళ్లలేని వాళ్ల కోసం ఉన్నది ఓపెన్ స్కూల్, అంటే సార్వత్రిక విద్యాపీఠం.

మూడు ఓపెన్ స్కూళ్లు

మన రాష్ట్రాల్లో ఉంటున్నవాళ్లకు ప్రధానంగా మూడు దారులున్నాయి. ఒకటి కేంద్ర ప్రభుత్వానిది, ఎన్‌ఐఓఎస్. 1979లో సీబీఎస్‌ఈ ఒక చిన్న ప్రాజెక్టుగా మొదలుపెట్టిన పని 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్ అయింది, 2002లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ (ఎన్‌ఐఓఎస్) అన్న ఇప్పటి పేరు వచ్చింది. రెండోది ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అందరూ ఏపీఓఎస్ఎస్ అంటారు. 1991లో పుట్టిన ఈ సంస్థ మొదట చిన్న తరగతులకే పరిమితం. 2008-09లో టెన్త్, 2010-11లో ఇంటర్ మొదలుపెట్టింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు విడిగా తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ (టాస్) వచ్చింది, అది మూడోది.

ఇక్కడే ఒక గందరగోళం తీర్చేయాలి. ఓపెన్ స్కూల్, ఓపెన్ యూనివర్సిటీ ఒకటి కాదు. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం డిగ్రీలు ఇస్తుంది, టెన్త్ ఇవ్వదు. "ఓపెన్‌లో కట్టాను" అని ఒకరంటే డిగ్రీయా, ఇంటరా, టెన్తా అని అడిగి తెలుసుకోవాల్సిందే.

ఐదు సబ్జెక్టులు, ఐదేళ్లు, తొమ్మిది సార్లు

ఓపెన్ టెన్త్‌లో చేరడానికి 14 ఏళ్లు నిండితే చాలు. పై వయసుకు హద్దు లేదు. మనవడితో పాటు కూర్చుని రాసినా ఎవరూ కాదనరు. పాత చదువు రుజువు లేకపోయినా చదవడం, రాయడం వచ్చని స్వయంగా రాసిచ్చి చేరొచ్చు. పుట్టిన తేదీకి మాత్రం ఏదో ఒక రుజువు కావాలి.

సబ్జెక్టులు రెండు గుంపులుగా ఉంటాయి. భాషలు ఒక గుంపు, మిగతావి ఇంకో గుంపు: గణితం, సైన్స్, సోషల్, ఎకనామిక్స్, హోమ్ సైన్స్, సైకాలజీ, ఇలా. కనీసం ఒక భాష, ఎక్కువలో ఎక్కువ రెండు భాషలు కలుపుకుని మొత్తం ఐదు సబ్జెక్టులు పాసైతే సర్టిఫికెట్ చేతికొస్తుంది. ఎన్‌ఐఓఎస్‌లో పాస్ మార్కు 33 శాతం, రాష్ట్ర ఓపెన్ స్కూళ్లలో 35. క్లాసులు స్టడీ సెంటర్‌లో ఎక్కువగా ఆదివారాలు, సెలవు రోజుల్లో జరుగుతాయి. వీటినే కాంటాక్ట్ క్లాసులు అంటారు. జరగని సెంటర్లూ ఉన్నాయన్నది రహస్యమేమీ కాదు.

పరీక్షలు ఏడాదికి రెండు విడతలు: వేసవి రోజుల్లో ఒకటి, ఏడాదిలో ఆ తర్వాత ఇంకొకటి. ఒకసారి చేరితే ఆ నమోదు ఐదేళ్లు ఉంటుంది, ఆ ఐదేళ్లలో తొమ్మిదిసార్లు పరీక్షకు కూర్చోవచ్చు. ఏడాదికి రెండు చొప్పున పది కావాలి కదా అంటే, చేరిన వెంటనే వచ్చే మొదటి విడత అందదు.

ఉద్యోగం చేస్తూనో ఇల్లు చూసుకుంటూనో రాసేవాళ్లకు ఇందులో అసలు సుఖం ఏమిటంటే, ఐదూ ఒకేసారి రాయనక్కర్లేదు. ఏప్రిల్‌లో తెలుగు, సోషల్ రాసి పాసయ్యారనుకోండి. ఆ రెండూ ఖాతాలో జమ అయినట్టే. అక్టోబరులో హోమ్ సైన్స్, సైన్స్ రాసి సైన్స్ తప్పారనుకుందాం. మూడు జమ. తర్వాతి వేసవిలో సైన్స్, ఇంగ్లిష్ రాస్తే ఐదూ అయిపోయాయి. రెగ్యులర్ టెన్త్‌లో కొన్ని సబ్జెక్టులు పాసై, కొన్ని పోయి బడి మానేసినవాళ్లకు ఇంకో వెసులుబాటు ఉంది. పాసైన వాటిలో రెండింటి వరకు మార్కులను ఎన్‌ఐఓఎస్ తన లెక్కలోకి మార్చుకుంటుంది. దీన్ని టీవోసీ (ట్రాన్స్‌ఫర్ ఆఫ్ క్రెడిట్) అంటారు. అలాంటివాళ్లు మూడు రాస్తే చాలు. పాత మార్కుల మెమో ఏ ట్రంకుపెట్టెలో ఉందో వెతకడమే అసలు పని.

"సమానం" అంటే ఏమిటి, "అర్హత" అంటే ఏమిటి

ఓపెన్ టెన్త్ రెగ్యులర్ టెన్త్‌తో సమానం అన్నప్పుడు అది బోర్డు గురించి చెప్పే మాట. ఈ బోర్డు ఇచ్చిన సర్టిఫికెట్‌ను టెన్త్ పాస్‌గా ఒప్పుకుంటాం అని దాని అర్థం. అర్హత సంగతి అలా కాదు, అది ఒక్కో ఉద్యోగానికి, ఒక్కో కోర్సుకు విడివిడిగా ఉంటుంది. టెన్త్ పాసై ఉండాలి అని ఊరుకునే నోటిఫికేషన్లు ఉన్నాయి. టెన్త్‌లో ఫలానా సబ్జెక్టు చదివి ఉండాలి అనేవీ ఉన్నాయి. రెగ్యులర్ పిల్లలకు ఈ తేడా తెలిసే అవసరమే రాదు, ఎందుకంటే వాళ్లు ఎలాగూ గణితం, ఇంగ్లిష్, తెలుగు అన్నీ చదువుతారు. ఓపెన్‌లో ఎంచుకునే స్వేచ్ఛ ఉంది కాబట్టి చిక్కూ అక్కడే మొదలవుతుంది.

లక్ష్మి అనే ఒకామెను ఊహించుకుందాం. వయసు 34, ఎనిమిదో తరగతిలో పెళ్లయి బడి ఆగిపోయింది. పదేళ్లుగా ఊళ్లో డ్వాక్రా సంఘం పుస్తకాలు రాస్తోంది. ఓపెన్‌లో తెలుగు, హిందీ, సోషల్, హోమ్ సైన్స్, సైకాలజీ తీసుకుని మంచి మార్కులతో పాసైంది. "లెక్కలంటే టెన్షన్ ఎందుకమ్మా, ఇవి తీసుకో, తేలిగ్గా అవుతుంది" అని సెంటర్‌లో చెప్పారు, తీసుకుంది. తర్వాత పోస్టల్ శాఖ గ్రామీణ డాక్ సేవక్ నోటిఫికేషన్ పడింది. 18 నుంచి 40 ఏళ్ల వాళ్లు అర్హులు. రాత పరీక్ష లేదు, టెన్త్ మార్కులే ఆధారం. ఇంతకంటే మంచి అవకాశం ఉండదనుకుంది. కానీ అందులో షరతు ఉంది: టెన్త్‌లో గణితం, ఇంగ్లిష్ సబ్జెక్టులుగా పాసై ఉండాలి, స్థానిక భాష కూడా చదివి ఉండాలి. లక్ష్మికి తెలుగు ఉంది. మిగతా రెండూ లేవు. సర్టిఫికెట్ చెల్లుతుంది, దరఖాస్తు మాత్రం ముందుకు సాగదు.

ఇవే ఐదు సబ్జెక్టులతో టెన్త్ పాసై ఆమె కూతురు పాలీసెట్ రాయబోయినా అంతే. పాలిటెక్నిక్‌కు టెన్త్‌లో గణితం తప్పనిసరి. ఉత్త "టెన్త్ పాస్" అని అడిగే చోట్ల మాత్రం ఈ మెమోకు ఏ ఇబ్బందీ లేదు.

ఒకసారి పాసయ్యాక మిగిలిన సబ్జెక్టు విడిగా రాసే వీలు ఎన్‌ఐఓఎస్‌లో ఉంది, పార్ట్ అడ్మిషన్ అంటారు. పూర్తి సర్టిఫికెట్ కాకుండా ఆ సబ్జెక్టుల మార్కుల మెమో ఇస్తారు. రెండు మెమోలు కలిపి చూస్తారా లేదా అన్నది నియామకం చేసేవాళ్ల ఇష్టం. అందుకే నా ఉద్దేశంలో సబ్జెక్టుల జాబితా ముందు వేసుకుని కూర్చోవడం తిరగేసిన పద్ధతి. సర్టిఫికెట్ ఎక్కడ వాడాలనుకుంటున్నారో అక్కడి పాత నోటిఫికేషన్ ఒకటి దొరికించుకుని చూస్తే, ఏ ఐదు తీసుకోవాలో అదే చెబుతుంది.

గల్ఫ్ పాస్‌పోర్టు లెక్క

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఓపెన్ టెన్త్‌కు ఇంకో గిరాకీ ఉంది. అక్కడ అడిగేది ఉద్యోగ నోటిఫికేషన్ గురించి కాదు, "ఈసీఎన్ఆర్ వస్తదా?" అని.

1983 నాటి వలస చట్టం ప్రకారం, కొన్ని దేశాలకు పనికోసం వెళ్లే తక్కువ చదువున్న కార్మికులు ముందుగా ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. అలాంటి దేశాలు 18 ఉన్నాయి, గల్ఫ్ దేశాలన్నీ అందులోవే. టెన్త్ పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే ఆ క్లియరెన్స్ కావాల్సింది) కిందికి వస్తుంది. టెన్త్ పాసైతే ఆ క్లియరెన్స్ అక్కర్లేదు, ఈసీఎన్ఆర్ అంటే అదే. (50 ఏళ్లు దాటినవాళ్లకు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు టెన్త్ లేకపోయినా మినహాయింపు ఉంది.) గుర్తింపు ఉన్న ఓపెన్ స్కూల్ టెన్త్ ఇక్కడ పూర్తిగా పనికొస్తుంది. ఏ సబ్జెక్టులు తీసుకున్నారన్నది ఎవరూ చూడరు. లక్ష్మి తమ్ముడు అవే ఐదు సబ్జెక్టులతో పాసైనా అతని పాస్‌పోర్టు మారుతుంది.

ఇక్కడ చాలామంది గమనించని మాట ఒకటుంది. ఈసీఆర్ ముద్రను అందరూ అడ్డంకిగానే చూస్తారు, కానీ అది పెట్టిందే కార్మికుడి రక్షణకు. క్లియరెన్స్ ఇచ్చేటప్పుడు ఉద్యోగ ఒప్పందం చూస్తారు, 10 లక్షల ప్రమాద బీమా ఉండే ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి చేస్తారు. టెన్త్ మెమోతో ఆ గేటు దాటినవాడికి ఈ బలవంతపు రక్షణ ఉండదు. ఏజెంటు చెప్పిందే వేదమైతే కష్టం.

అన్ని చోట్లా చదువు షరతు బిగుసుకుపోతోందని కూడా కాదు. ఆటో, లారీ లాంటి వాహనాల డ్రైవింగ్ లైసెన్సుకు ఎనిమిదో తరగతి ఉండాలన్న నిబంధనను 2019లో కేంద్రం ఎత్తేసింది. లైసెన్సు కోసమే చదువుతున్నామనే వాళ్లకు ఆ బాధ తీరిపోయింది.

మెమో మీద పేరు, పుట్టిన తేదీ

మన దగ్గర టెన్త్ మెమో చదువుకు రుజువు మాత్రమే కాదు, ఆచరణలో జనన ధ్రువపత్రం కూడా అదే. పదిహేనేళ్ల పిల్లాడికి ఇది సమస్య కాదు. నలభై ఏళ్ల మనిషికి మాత్రం అప్పటికే పది కాగితాలు ఉంటాయి, వాటిలో తేదీలు మూడు రకాలుగా ఉంటాయి. ఆధార్ తీసుకున్న రోజు ఎవరో అడిగితే "ఆ ఏడాదే" అన్నారు, జనవరి 1 అని పడింది. పాత బడి రికార్డులో మాస్టారు బడిలో చేర్చుకోవడం కోసం ఒక ఏడాది ఎక్కువ వేశారు. ఓటరు కార్డులో వయసు అంచనా. వీటిలో ఓపెన్ స్కూల్‌లో ఇచ్చిన తేదీయే మెమో మీద అచ్చవుతుంది. ఒకసారి అచ్చయ్యాక మార్పించడం ఎంత తిరుగుడో మా ఇంట్లోనే చూశాను. మా పిన్ని మెమోలో ఒక్క అక్షరం తప్పు పడితే దిద్దించడానికి రెండు పరీక్షా విడతల కాలం పట్టింది.

ఆడవాళ్లకు ఇంటిపేరు గొడవ అదనం. బడి టీసీలో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. రెగ్యులర్‌గా చదివినవాళ్ల సర్టిఫికెట్లన్నీ పుట్టింటి పేరు మీదే ఉంటాయి, పెళ్లయ్యాక మార్చుకున్నవి తర్వాతి కాగితాలే. వయోజనులుగా చేరేవాళ్ల విషయంలో ఈ వరస తలకిందులు. చేరేముందే ఏ పేరు ఉండాలో తేల్చుకుని మిగతా కాగితాలను దానికి సరిపెట్టుకుంటే సగం తిప్పలు తప్పుతాయి.

తెలంగాణలో ప్రభుత్వ ఉద్యోగాలకు స్థానికత లెక్క కూడా ఉంది. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 1 నుంచి 7వ తరగతి వరకు ఎక్కువ కాలం ఎక్కడ చదివారన్నది చూస్తారు. టెన్త్ ఓపెన్‌లో రాసినా ఈ ఏడు తరగతుల రుజువు విడిగా కావాలి. బడికి పోనివాళ్లకు నివాస ధ్రువపత్రం ఆధారం.

ఇంటర్ లేని డిగ్రీ

టెన్త్ కూడా అక్కర్లేకుండా డిగ్రీ చేసినవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇప్పటి అంబేడ్కర్ విశ్వవిద్యాలయం) పెట్టినప్పుడు, చదువు ఆగిపోయిన పెద్దవాళ్లకు అర్హత పరీక్ష పెట్టి నేరుగా డిగ్రీలో చేర్చుకునే దారి తెరిచారు. ఆ దారి ఎంతోమందికి మేలు చేసింది. అయితే 10+2+3 వరసలో, అంటే టెన్త్, రెండేళ్ల ఇంటర్, మూడేళ్ల డిగ్రీ వరసగా చదివి ఉండాలని అడిగే నోటిఫికేషన్ల దగ్గర ఆ డిగ్రీలు చిక్కుల్లో పడ్డాయి. 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో, మొదటి డిగ్రీ లేకుండా ఓపెన్ పద్ధతిలో నేరుగా తెచ్చుకున్న పీజీ చెల్లదని సుప్రీంకోర్టు చెప్పాక ఈ "మెట్టు దాటేయడం" మీద అనుమానం ఇంకా పెరిగింది. డిగ్రీ చేతిలో ఉన్నా ఇప్పుడు వెనక్కి వచ్చి ఓపెన్ టెన్త్, ఓపెన్ ఇంటర్ కడుతున్నవాళ్ల కథ ఇదే. ఇంటర్‌కు టెన్త్ పాసై ఉండాలి. ఎన్‌ఐఓఎస్ అయితే టెన్త్‌కు, ఇంటర్ పాస్ సర్టిఫికెట్‌కు మధ్య రెండేళ్ల ఎడం కూడా చూస్తుంది. తొందరపడినా ఆ రెండేళ్లు తగ్గవు.

"వన్ సిట్టింగ్" బోర్డులు

కరెంటు స్తంభాల మీద కనిపించే "టెన్త్ ఫెయిలా? వన్ సిట్టింగ్‌లో పాస్!" అట్టముక్కల్లో సగం నిజం ఉండటమే ప్రమాదం. ఐదు సబ్జెక్టులూ ఒకే విడతలో రాయడం నిజంగానే కుదురుతుంది, అందులో మోసం లేదు. పరీక్షకు కూర్చోకుండా మెమో ఇస్తామన్నా, రెండేళ్ల కిందటి తేదీ వేసి ఇస్తామన్నా, వినడానికి ప్రభుత్వ బోర్డులా ఉండే కొత్త పేరు చెప్పినా అది వేరే వ్యాపారం. అలాంటి మెమో ఇచ్చిన రోజు బాగానే ఉంటుంది. ఉద్యోగం వచ్చాక వెరిఫికేషన్‌కు పంపిన రోజు ఉద్యోగం పోవడమే కాదు, కేసూ మిగులుతుంది.

తేలిక చదువా?

ఓపెన్ టెన్త్ మీద ఉన్న పెద్ద ఫిర్యాదు అది తేలిక అని. సబ్జెక్టులు ఎంచుకోవచ్చు, తొమ్మిదిసార్లు రాయొచ్చు, కొన్ని సెంటర్లలో చూచిరాతలు జరుగుతాయి, కాబట్టి రెగ్యులర్ వాళ్లతో ఒకే గాటన కట్టడం అన్యాయం అంటారు. చూచిరాతల ఫిర్యాదును కొట్టిపారేయలేం. కానీ తొమ్మిది అవకాశాలు తేలికదనానికి గుర్తని నేననుకోను. పొలంలో కోతల రోజున పరీక్ష పడితే మానుకోవాల్సిన మనిషికి అవి కావాలి. ఇంకో ఫిర్యాదు బడుల మీద: రిజల్టు శాతం కోసం వెనకబడ్డ పిల్లలను ఓపెన్‌కు తోసేస్తారని. పెద్దల కోసం పెట్టిన దారిలోకి పద్నాలుగేళ్ల పిల్లలను నెట్టడం ఆ దారికే చెడ్డపేరు తెస్తుంది.

"తేలిక" అన్న ఈ అనుమానం కోర్టులదాకా వెళ్లింది. ఓపెన్ స్కూల్‌లో ప్లస్ టూ చదివినవాళ్లు నీట్ రాయకూడదని అప్పటి వైద్య మండలి నిబంధన పెడితే, 2018లో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ వ్యవహారం సుప్రీంకోర్టులో 2024లో ముగిసింది. గుర్తింపు ఉన్న ఓపెన్ స్కూళ్ల విద్యార్థులు ఇప్పుడు నీట్ రాయొచ్చు.

దీనికి పూర్తిగా అటువైపు నుంచి వచ్చే వాదన ఇంకొకటి: అసలు పెద్దవాళ్లకు పిల్లల సిలబస్ పెట్టి పరీక్షించడమే తప్పని. ఇరవయ్యేళ్లు వ్యాపారం చేసిన మనిషిని బీజగణితం సూత్రాలు అడగడం ఎందుకు, అతనికి వచ్చిన పనిని తూచి మార్కులు వేయొచ్చు కదా అంటారు. మేస్త్రీలు, ఎలక్ట్రీషియన్ల లాంటి వృత్తుల్లో ముందే వచ్చిన నైపుణ్యానికి పరీక్ష పెట్టి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి మన దేశంలో ఉంది. టెన్త్‌కు అలాంటిది లేదు. పెడితే ప్రమాణం దిగజారుతుందని, ఎవరి అనుభవాన్ని ఎవరు తూచాలో తేలక పైరవీలు పెరుగుతాయని ఎదుటివాళ్ల భయం. అదీ ఉత్త భయం కాదు.

ఈలోగా లక్ష్మి పార్ట్ అడ్మిషన్ ఫారం నింపుతోంది, గణితానికి ఒకటి, ఇంగ్లిష్‌కు ఒకటి టిక్కు పెట్టి. బల్ల మీద ఆ ఫారం పక్కనే సంఘం అప్పుల పుస్తకం ఉంది, పన్నెండు మంది సభ్యుల వడ్డీ లెక్క సాయంత్రంలోగా తేల్చాలి.